మూడో పుస్తకం లేదు

రేవు మూసేశారు, మిల్లరాయ్.
గాలి తగ్గేదాకా ఏ పడవా కదలదు.
నీ బడి అవతలి దీవిలోనే ఉంటుంది, ఎక్కడికీ పోదు.
పొయ్యి దగ్గరికి జరుగు,
ఆ మేజోళ్ళు విప్పి తీగ మీద వెయ్యి.

టికెట్ల డబ్బా కింద, చూడు. అదే. తీసుకో.
అట్ట చూసి మూతి తిప్పకు.
పసుపు ఒలకబోసినట్టు ఆకాశం వేశాడు ఎవడో,
ఆ పిల్లకేమో నలభై ఏళ్ళ మొహం పెట్టాడు.
లోపల దానికి పద్నాలుగే.
పేరు ఇల్కా.

వాళ్ళ గ్రహం మీద సముద్రం
ఒకసారి వెనక్కి పోతే
పంతొమ్మిదేళ్ళకి గాని తిరిగి రాదు.
ఆ మధ్యలో పుట్టినవాళ్ళకి
నీళ్ళంటే గిన్నెలో ఉండేవి.
ముసలాళ్ళు అల అంటే
బూచాడి కబుర్లనుకుని నవ్వుతారు.
మేకల వెంట కొండెక్కిన ఇల్కాకి
కొండ కొమ్మున
ఒక పడవ కనిపిస్తుంది.

ఇక చెప్పను.
మొదటి నలభై పేజీలు సాగవు, ముందే అంటున్నా.
మేకలు, మేకలు, ఇంకా మేకలు.
నలభై ఒకటో పేజీలో
ఆ పడవ అడుగున ఎవరో
లోపల్నుంచి తడతారు.
ఉలిక్కిపడ్డావా? నాకిప్పటికీ అంతే.

మొత్తం ఐదు. నా దగ్గర నాలుగు.
రెండోదాని చివర టామ్,
ఇల్కాకి ప్రాణమిచ్చే టామ్,
తాళ్ళన్నీ కోసేసి పడవని ఊరికి అప్పగిస్తాడు.
ఆ రాత్రి నేను రొట్టె ముట్టలేదు.
నాలుగోది తెరిస్తే
ఇల్కాకి ఎడమ చెయ్యి లేదు,
చుక్కాని పట్టుకుని టామే ఉన్నాడు,
ఇద్దరి మీదా ఒకటే దుప్పటి.
మధ్యలో ఏం జరిగిందో
ఒక్కరూ నోరు విప్పరు.

మూడోది మా చెల్లి ఎడెల్మీరా పట్టుకుపోయింది,
పుంటా అరేనాస్ ఓడలో.
అమ్మ కుట్టుమిషను ఎవరికి రావాలన్నది మా తగువు.
ఇరవై ఆరేళ్ళయింది.
మిషను నా వంటింట్లోనే తుప్పు పడుతోంది.
దాని మీద ఉల్లిపాయలు పెడతాను.

అందుకని ఒక పద్ధతి పెట్టా.
రెండోది తిరిగిచ్చేవాళ్ళు
మూడోది నాకు చెప్పాలి,
అప్పుడే నాలుగోది చేతిలో పెడతా.
ఇంజన్లు బాగుచేసే హెరిబెర్తో కొడుకు
చెయ్యి గేర్లలో పడిందన్నాడు. టామ్ లాగాడట, సగమే వచ్చిందట.
సాల్మన్ గూళ్ళ దగ్గర పనికెళ్ళే పిల్ల
కాదు, చెయ్యి ఇల్కానే కోసుకుంది అంది,
తాడులో ఇద్దరూ చిక్కుకుంటే
ఇంకో దారి లేక.
ఏడేళ్ళవాడొకడు,
పుస్తకం చదవనైనా లేదు, అక్క చదువుతుంటే విన్నాడు,
"పట్టుకోమని ఇచ్చింది,
వాడు తిరిగివ్వడం మర్చిపోయాడు" అన్నాడు.
ఆ రోజు ముగ్గురికి చిల్లర తప్పిచ్చాను.

కాస్ట్రోలో పుస్తకాల షాపాయన
పన్నెండు రోజుల్లో తెప్పిస్తానన్నాడు.
డబ్బు లెక్కపెట్టి బల్ల మీద పెట్టా,
మళ్ళీ తీసి జేబులో వేసుకున్నా.
ఎందుకని అడక్కు.

రేకు మోత మారింది, విన్నావా? గాలి మళ్ళుతోంది.
పేజీల మూలలు మడవకు. గుర్తుకి పాత టికెట్టు పెట్టుకో.
తడిస్తే పొయ్యి మీద కాదు, పక్కన ఆరబెట్టు.
టామ్‌ని మొదటి పుస్తకంలోనే తిట్టుకోకు,
వాడు అప్పుడు మంచివాడే.

అన్నట్టు,
మీ పెద్దమ్మ ఉండేది పుంటా అరేనాస్‌లోనేగా?
వేసవికి వెళ్తావా?
అక్కడ పచ్చ తలుపు కుట్టు దుకాణం ఒకటుందట.
లోపలికి వెళ్ళక్కర్లేదు. నా పేరు చెప్పక్కర్లేదు.
ఊరికే కిటికీలోంచి చూడు,
దారపుండల మధ్య ఎక్కడైనా
ఇలాంటి పసుపు అట్ట ఉందేమో.

సరే, సరే, మేజోళ్ళు వేసుకో.
ఇంకా తడిగానే ఉన్నాయా?
పరిగెత్తు. కూత వేస్తున్నాడు.